రెండు మిరపలను కలిపి నిలకడైన కొత్త రకం తీయడం ఎలా?

"హైబ్రిడ్ మిర్చి బ్రహ్మాండంగా కాసింది. గింజలు దాచి మళ్లీ వేశాను. ఒకటి పొడుగ్గా, ఒకటి గిడసగా, ఒకటి చేదుగా... తల్లిలా ఒక్కటీ రాలేదు. ఎక్కడ తప్పు చేశాను?" మిద్దెతోట వాళ్లు ఏటా అడిగే ప్రశ్న ఇది. తప్పేమీ చేయలేదు. హైబ్రిడ్ గింజ అంతే. దాన్ని మీకు నచ్చిన గుణాల దగ్గర ఆపి, ఏటా గింజ దాచుకుని వేసుకునే సూటి రకంగా మార్చుకోవచ్చు. ఎలాగో వరుసగా చెబుతాను.

ముందే ఒక మాట. సంకరం చేయడం ఒక సాయంత్రం, ఒక పొద్దుటి పని. ఆ తర్వాత ఐదారు తరాల పాటు ఏరి పారేయడమే అసలు పని. మొక్కలు పీకడానికి చేతులు రానివాళ్లు ఇందులోకి దిగకపోవడం మంచిది.

ఇక సిద్ధాంతం, ఒక్క పేరాలో. రెండు నిలకడైన రకాలను కలిపితే వచ్చే మొదటి తరం (ఎఫ్1) మొక్కలన్నీ ఒకేలా ఉంటాయి. వాటి గింజలు వేస్తే వచ్చే రెండో తరం (ఎఫ్2) చెల్లాచెదురవుతుంది. అక్కడి నుంచి ప్రతి మొక్కనూ దాని సొంత పుప్పొడితోనే గింజ కట్టనిస్తే, తరతరానికీ ఆ చెదురుడు సగమవుతుంది. తల్లిదండ్రులు తేడాగా ఉన్న గుణాల్లో ఎఫ్2లో సగటున 50 శాతం ఇంకా ఎటూ తేలకుండా ఉంటాయి. ఎఫ్3లో అది 25, ఎఫ్4లో 12.5, ఎఫ్5లో 6.25, ఎఫ్6కు 3 శాతం చిల్లర. అందుకే ఆరో తరం దాకా ఆగమంటారు. దేశమంతా తెలిసిన పూసా జ్వాల మిరప కూడా ఎన్‌పీ 46ఏ, పూరీ రెడ్ అనే రెండు రకాలను కలిపి, ఏరి నిలబెట్టిందే.

కావలసినవి

- రెండు సూటి రకాల గింజలు. తల్లి, తండ్రి రెండూ సూటి రకాలే కావాలి, హైబ్రిడ్లు వద్దు. (హైబ్రిడ్‌తోనే మొదలుపెట్టాలనుకునే వాళ్లకు చివర్లో వేరే దారి ఉంది.)
- సన్న మొన ఉన్న పట్టకారు, చిన్న భూతద్దం, కొద్దిగా స్పిరిట్, దూది.
- పెళ్లిళ్లలో కానుకలు వేసి ఇచ్చే పలుచటి నెట్ సంచులు, చిన్నవి. మొగ్గలు, కొమ్మలు కప్పడానికి ఇంతకంటే చవకైనది నాకు కనిపించలేదు.
- రంగు దారాలు, ప్లాస్టిక్ చీటీలు, పెన్సిల్. పెన్ను వద్దు. ఎండకు, వానకు సిరా పోతుంది, పెన్సిల్ గీత నిలుస్తుంది.
- 10-12 అంగుళాల కుండీలు లేదా గ్రో బ్యాగులు. ఎఫ్2 నాటికి కనీసం యాభై. చోటు లేకపోతే ఊళ్లో అన్నయ్య పొలంలో రెండు సాళ్లు అడగండి.
- ఒక నోటుపుస్తకం. ఇది లేకపోతే మిగతావన్నీ దండగ.

సమయం: నారుకు నలభై రోజులు, పూతకు ఇంకో నలభై, కాయ పండటానికి యాభై దాకా లెక్కేసుకోండి. జూన్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి నారు పోస్తే ఏడాదికి రెండు తరాలు వస్తాయి. అలాగైతే మొత్తం మూడు, నాలుగేళ్లు. ఏడాదికి ఒక పంటే అయితే ఆరేడేళ్లు.

1. ఏం కావాలో ముందు రాసుకోండి

మూడు గుణాలకు మించి కోరుకోకండి. ఇక్కడ ఉదాహరణగా ఒకటి తీసుకుందాం. వరంగల్ చపాటా ఉంది కదా, టమాటా మిర్చి అని కూడా అంటారు. మంచి ఎరుపు, దళసరి కండ, తక్కువ కారం, పచ్చళ్లకు పెట్టింది పేరు. ఆ కాయ కుండీలో సరిపోయే పొట్టి, గుబురు మొక్క మీద కాస్తే బాగుంటుంది. కాబట్టి కోరిక: దళసరి కండ, ముదురు ఎరుపు, పొట్టి మొక్క. అంతే. దానికి "ఆకుముడత తట్టుకోవాలి, నెలంతా కాయాలి, కొంచెం ఘాటు కూడా" అని తగిలిస్తూ పోతే ఎకరం పొలం కూడా చాలదు.

ఎందుకు చాలదో లెక్క చూడండి. కొన్ని గుణాలు మొదటి తరంలో దాక్కుని, ఎఫ్2లో నాలుగింట ఒక మొక్కలో బయటపడతాయి. అలాంటిది ఒకటి కావాలంటే 11 మొక్కలు వేస్తే కనీసం ఒక్కటైనా దొరికే అవకాశం 95 శాతం. అలాంటివి రెండు ఒకే మొక్కలో కావాలంటే 47. మూడు కావాలంటే 191.

2. తల్లిదండ్రులను ఎంచుకోండి

రెండూ ఒకే జాతి మిరపలు కావాలి. మన గుంటూరు రకాలు, లాం పరిశోధనా స్థానం ఇచ్చిన ఎల్‌సీఏ రకాలు, బ్యాడిగి, చపాటా, బజ్జీ మిర్చి, కూర క్యాప్సికమ్, అన్నీ ఒకే జాతి, సులువుగా కలుస్తాయి. భూత్ జొలోకియా వేరే జాతి. దాన్ని వీటితో కలిపితే కాయ నిలవడం, గింజ మొలవడం, మొక్క మళ్లీ కాయడం అన్నీ తంటాలే. మొదటిసారి జోలికి పోకండి.

తల్లిగా ఆకాశం వైపు నిక్కి కాసే పొట్టి మిరపను, తండ్రిగా కాయ కిందికి వేలాడే చపాటాను పెట్టండి. దీని వెనక ఒక కిటుకు ఉంది. నిక్కి కాసే గుణం సాధారణంగా దాక్కునేది, వేలాడేది పైకి కనిపించేది. కాబట్టి సంకరం నిజంగా జరిగితే ఎఫ్1 కాయలు వేలాడతాయి. ఎఫ్1 అనుకున్న మొక్క నిక్కి కాసిందంటే మీ పుప్పొడి అంటలేదు, తల్లి తన పుప్పొడితోనే గింజ కట్టేసుకుందని అర్థం. పీకేయండి. తల్లిదండ్రులను తిరగేస్తే ఈ పరీక్ష చేతికి రాదు.

సంకరానికి ముందు పంటలోనే ఒక్కో రకం పదేసి మొక్కలు వేసి చూడండి. అందులోనే తేడాలుంటే ఆ గింజ నిలకడైనది కాదు. సంతలో గంపలో కొన్న ఎండుమిర్చి గింజలతో ఈ ఇబ్బంది ఎక్కువ.

3. సాయంత్రం: మొగ్గను సిద్ధం చేయడం

సాయంత్రం నాలుగు తర్వాత, రేపు విచ్చుకోబోయే మొగ్గను వెతకండి. తెల్లగా, బొద్దుగా, రేకలు ముచ్చిక దాటి బయటికి వచ్చి, ఇంకా మూసుకునే ఉండాలి. ఆ కొమ్మ మీది విచ్చిన పూలు, పిందెలు తుంచేయండి. పిందెలు ఉంటే మొక్క కొత్తవాటిని రాల్చేస్తుంది.

పట్టకారును స్పిరిట్‌తో తుడవండి. మొగ్గను వేళ్ల మధ్య మెత్తగా పట్టుకుని రేకలు విప్పితే లోపల నీలి ఛాయలో ఐదారు పుప్పొడి తిత్తులు, మధ్యలో ఆకుపచ్చటి కీలం కనబడతాయి. తిత్తులను ఒక్కొక్కటే అడుగు నుంచి లాగేయండి. కీలానికి గీత కూడా పడకూడదు. భూతద్దంతో చూడండి: ఒక్క తిత్తి మిగిలినా, ఏదైనా పగిలి పొడి రాలినా ఆ మొగ్గ వద్దు. తర్వాతి మొగ్గకు పోయే ముందు మళ్లీ తుడవండి. నెట్ సంచి కట్టండి.

హెచ్చరిక: బీడీ, సిగరెట్, చుట్ట, ఖైనీ ముట్టుకున్న చేతులతో మిరపను తాకొద్దు. పొగాకులో ఉండే మొజాయిక్ వైరస్ మిరపకూ సోకుతుంది. సబ్బుతో కడుక్కుని రండి.

4. పొద్దున: పుప్పొడి అద్దడం

ఏడు నుంచి పది మధ్య. తండ్రి మొక్కకు కూడా ముందురోజే కొన్ని మొగ్గలకు సంచి కట్టి ఉంచితే తేనెటీగలు కలిపిన పుప్పొడి రాదు. విచ్చుకున్న తండ్రి పువ్వును తెంపి, తిత్తి పగిలి పొడి కనిపిస్తున్నప్పుడు దాన్నే నేరుగా తల్లి కీలం కొనకు రుద్దండి. కొన మీద లేత పసుపు పొడి కనబడాలి. మళ్లీ సంచి కట్టి, దారం చుట్టి, చీటీ మీద తల్లి పేరు ముందు, తండ్రి పేరు తర్వాత, తేదీ రాయండి.

ఒక్క మొగ్గతో సరిపెట్టకండి, పది పదిహేను చేయండి. సగం రాలిపోయినా ఆశ్చర్యం లేదు. వారం తర్వాత తొడిమ బలిసి పిందె కనిపిస్తే నిలిచినట్టే, అప్పుడు సంచి తీసేయొచ్చు, దారం మాత్రం ఉంచండి. ఒక్క కాయ పండినా చాలు, దాంట్లో నలభై, యాభై గింజలుంటాయి. ఎండ 35 డిగ్రీలు దాటే రోజుల్లో పూత దానంతట అదే రాలుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఈ పని పెట్టుకోవద్దు.

ఇక్కడ చాలామంది పడే అపోహ: "పక్కన ఘాటు మిర్చి ఉంది, అందుకే నా క్యాప్సికమ్ కారంగా అయింది." ఈ ఏడాది కాయలో అలా జరగదు. కాయ కండ పూర్తిగా తల్లిదే. పక్క పుప్పొడి ప్రభావం లోపలి గింజలో ఉంటుంది, వచ్చే ఏడాది ఆ గింజ మొలిచాక బయటపడుతుంది. కాబట్టి మీరు కలిపిన కాయ చపాటాలా మారలేదని దిగులు పడొద్దు.

5. గింజ తీయడం

కాయ పూర్తిగా ఎర్రబారి, కొద్దిగా మెత్తబడే దాకా ఆగండి. చేతికి గ్లవ్స్ వేసుకుని తీయండి. మంట పుడితే ముందు నూనె రాసి తర్వాత సబ్బుతో కడగండి. నీడలో వారం, పది రోజులు ఆరబెట్టండి. వంచితే వంగకుండా పుటుక్కున విరిగితే ఆరినట్టు. ఎండలో పళ్లెం పెట్టి మరిచిపోతే మొలక చచ్చిపోతుంది.

6. ఎఫ్1: చూడండి, తొందరపడొద్దు

ఎనిమిది, పది మొక్కలు చాలు. విత్తే ముందు లీటరు నీటికి 150 గ్రాముల ట్రైసోడియం ఆర్థోఫాస్ఫేట్ కలిపి గింజను 20 నిమిషాలు నానబెట్టి, బాగా కడిగి వేస్తే గింజ ద్వారా వచ్చే వైరస్‌ల బెడద తగ్గుతుంది. ఇది ప్రతి తరంలోనూ చేయండి.

మొక్కలన్నీ దాదాపు ఒకేలా రావాలి. కాయలు వేలాడాలి. కాయ సైజు చూసి మాత్రం నీరసపడతారు: పెద్ద కాయ, చిన్న కాయ కలిస్తే ఎఫ్1 కాయ సాధారణంగా చిన్నదాని వైపే మొగ్గుతుంది. "చపాటా పోయింది" అని ఇక్కడే వదిలేసేవాళ్లు ఎక్కువ. పోలేదు, లోపల ఉంది.

మొగ్గ దశలోనే కొమ్మకు సంచి కట్టి సొంత పుప్పొడితో కాయ కట్టనివ్వండి. గాలి ఆడక కాయ నిలవకపోతే రోజూ పొద్దున సంచిని వేలితో నాలుగుసార్లు తట్టండి. సంచి లేకపోతే ఇంకో ఉపాయం: విచ్చుకోబోయే మొగ్గ కొనకు ఫెవికాల్ చుక్క పెట్టి మూసేయండి, లోపలే పుప్పొడి అంటుకుని కాయ కడుతుంది. దారం కట్టడం మరవొద్దు.

మిరప తన పుప్పొడితోనే కాస్తుంది కదా, సంచులెందుకు అంటారు. తేనెటీగలు, తామర పురుగులు పూలలో తిరుగుతూనే ఉంటాయి. పరసంపర్కం (వేరే మొక్క పుప్పొడి అంటడం) చోటును బట్టి 10 శాతం లోపు నుంచి 90 శాతం దాకా నమోదైంది. విత్తన ధ్రువీకరణలో మిరప మడికి మరో మిరప మడి 200 మీటర్లు, మూల విత్తనానికైతే 400 మీటర్లు దూరం ఉండాలని నియమం. మీ మిద్దె మీద ఆ దూరం ఎక్కడిది? సంచే దిక్కు.

7. ఎఫ్2: అసలు ఆట

ఎన్ని వేయగలిగితే అన్ని వేయండి. యాభైకి తగ్గొద్దు. ఇక్కడ మొక్కకో రూపం ఉంటుంది, సంత నాటి అంగడిలా. మీకు కావలసినది ఈ గుంపులోనే దొరకాలి. ఈ మొక్కలు లోపలైనా మోయని గుణం తర్వాతి తరాల్లో పుట్టదు.

నారు దశలో ఒక పెద్ద పొరపాటు జరుగుతుంది. అలవాటుగా మనం పొడుగ్గా, ఏపుగా ఉన్న నారే నాటి, పొట్టివి పారేస్తాం. మనకు కావలసింది పొట్టి మొక్కే కదా! రోగం ఉన్నవి తప్ప అన్నీ నాటండి. అందరికీ ఒకే సైజు కుండీ, ఒకే మట్టి, ఒకే ఎరువు, ఒకే ఎండ. గోడ నీడలో ఉన్న మొక్క పొడుగు పెరిగితే అది దాని గుణం కాదు, మీ గోడ గుణం.

ప్రతి మొక్కకూ నంబరు ఇవ్వండి. ప్రతి మొక్కలో ఒక కొమ్మకు పూత మొదట్లోనే సంచి కట్టండి. కాయ చూశాక, నచ్చాక కడదామంటే ఆలస్యమైపోతుంది.

ఏం రాయాలి: పూత వచ్చిన తేదీ, మొక్క ఎత్తు, ఐదు కాయల పొడవు, వెడల్పు, కండ మందం, రంగు, కారం. కారం చూడటానికి ఒక పద్ధతి పాటించండి. కారం గింజలో ఉండదు, గింజలు అంటుకుని ఉండే తెల్లటి ఈనెలో ఉంటుంది. కాబట్టి కాయ కొన కొరికి చప్పగా ఉందని రాయకండి. తొడిమ నుంచి ఒకే దూరంలో అడ్డంగా కోసి, అదే మందం ముక్క రుచి చూడండి. పూటకు మూడు నాలుగు మొక్కలకు మించొద్దు, మధ్యలో పెరుగు. నీళ్లు తక్కువై బెట్టకు వచ్చిన మొక్క కాయ కారం పెరుగుతుంది, అందుకని కుండీలన్నింటికీ నీళ్లు సమానంగా ఉన్న వారంలోనే చూడండి.

చివరికి యాభైలో ఐదారు మాత్రమే ఉంచండి. మిగతావి పచ్చడికి. ఆకుముడత చూసి మొక్కను తీసేసేటప్పుడు కాస్త ఆలోచించండి: ఆకు పైకి ముడిస్తే తామర పురుగు, కిందికి ముడిస్తే నల్లి, రెండూ కాకుండా ఆకులు చిన్నవై, మొక్క గిడసబారితే బొబ్బర తెగులు, అంటే వైరస్. చుట్టూ అన్నీ ముడిచినా ఒక మొక్క పచ్చగా నిలిస్తే దానికి ఎర్ర దారం కట్టండి. 2021లో నల్ల తామర పురుగు రెండు రాష్ట్రాల మిరపను ఊడ్చేసినప్పుడు చూశాం కదా, కాయ అందం ఒక్కటే చూసి ఎంచుకోవడం మంచిది కాదు.

8. ఎఫ్3 నుంచి ఎఫ్6 దాకా

ఎఫ్2లో ఉంచిన ఒక్కో మొక్క గింజను వేరువేరుగా దాచి, ఒక్కోదానికి ఒక వరస, వరసకు 10-12 మొక్కలు వేయండి. గింజలన్నీ ఒకే డబ్బాలో కలిపారా, ఆట ముగిసింది.

ఇప్పుడు మొక్కను కాదు, వరసను చూడాలి. ఒక వరసలో ఒక్క మొక్క అద్భుతంగా ఉండి మిగతావన్నీ తలోరకంగా ఉంటే, ఆ అద్భుతానికి పడిపోకండి. పది మొక్కలూ ఓ మోస్తరుగా బాగుండి, ఒకేలా ఉన్న వరస మేలు. మంచి వరసలు రెండు మూడు ఎంచి, వాటిలోంచి మళ్లీ రెండేసి మొక్కలు తీసుకుని, సంచి కట్టి గింజ తీయండి. పేర్లు గొలుసుగా రాయండి: ఎఫ్2లో 7వ మొక్క, దాని వరసలో 3వది, దాని వరసలో 1వది అయితే 7-3-1. ఏ తరమో, ఎవరి పిల్లో ఆ నంబరే చెబుతుంది.

దాక్కునే గుణాలు తొందరగా నిలుస్తాయి. ఉదాహరణకు నిక్కి కాసే మొక్క ఎఫ్2లో కనిపించిందంటే ఆ గుణం అప్పటికే నిలిచిపోయింది, దాని పిల్లలన్నీ నిక్కే కాస్తాయి. వేలాడే కాయ కావాలంటేనే తంటా. వేలాడేవాటిలో మూడింట రెండు వంతులు లోపల రెండో గుణాన్నీ మోస్తుంటాయి. తేల్చుకోవాలంటే దాని గింజలు 11 వేయండి, ఒక్కటి నిక్కి కాసినా ఆ తల్లి నిలకడైనది కాదు. ఎత్తు, కాయ బరువు లాంటివి ఇలా తేలవు. అవి చాలా జన్యువులు కలిసి చేసే పని, నెమ్మదిగా నిలుస్తాయి.

చోటు బొత్తిగా లేనివాళ్లకు: ఎఫ్2 నుంచి ఎఫ్5 దాకా ఏరకుండా, ఒక్కో మొక్క నుంచి ఒక్క గింజ మాత్రమే ముందుకు తీసుకెళ్లండి (మొలవకపోతే అని రెండు అదనంగా దాచండి). చిన్న కుండీల్లో, రెండు మూడు కాయలు కాస్తే చాలు. ఎఫ్5 దాటాక వరసలు వేసి అప్పుడు ఏరండి. అపార్టుమెంటు వాళ్లకు నేను ఇదే చెబుతాను.

9. నిలిచిందో లేదో ఎలా తెలుసుకోవాలి?

"నాకు ఒకేలా కనిపిస్తున్నాయి" అనేది పరీక్ష కాదు. ఎఫ్6 గింజలు ఇరవై, ముప్పై వేయండి. పక్కనే చపాటా పది వేయండి. రెండింటిలోనూ మొక్కకు పది కాయల చొప్పున, ఐదు మొక్కల కాయలు కొలవండి. అతి పెద్ద కాయకూ అతి చిన్న కాయకూ మధ్య తేడా మీ రకంలో చపాటా కంటే ఎక్కువ ఉంటే ఇంకా నిలవలేదు. చపాటాతో సమానంగా ఉంటే మిగిలిన తేడా నేలది, నీటిది.

కాయలను ఎండబెట్టి, మొక్కవారీగా కొట్టి, పొడిని తెల్ల కాగితం మీద వరసగా పోసి పగటి వెలుగులో చూడండి. పచ్చిగా ఒకేలా ఉన్న ఎరుపు పొడిలో తేడా చూపిస్తుంది.

అన్నిటికంటే గట్టి పరీక్ష: గింజను ఇంకో ఊళ్లో ఇద్దరికి ఇచ్చి, ఏం రావాలో చెప్పకుండా, వచ్చినదాని ఫొటోలు పంపమనండి.

ముప్పైలో ఒకటి తేడాగా వస్తే గాబరా పడొద్దు, ఆ కేళీని (తేడా మొక్కను) పీకేయండి. ముప్పైలో నాలుగైదు తేడా వస్తే ఒక తరం వెనక్కి వెళ్లి పక్క వరస గింజ తీయాలి. అందుకే ప్రతి తరం గింజలోనూ కొంత విడిగా దాచమనేది.

కొన్న హైబ్రిడ్‌తోనే మొదలుపెడితే

అది ఎఫ్1 అనుకోండి. దాని గింజే ఎఫ్2. నేరుగా 7వ మెట్టు నుంచి రండి. రెండు జాగ్రత్తలు. కొన్ని హైబ్రిడ్లను మగతనం లేని తల్లితో తయారు చేస్తారు. అలాంటి వాటి ఎఫ్2లో కొన్ని మొక్కలు పూస్తాయి కానీ పుప్పొడి ఉండదు, సంచిలో కాయ కట్టవు. తిత్తులు ముడుచుకుపోయి పొడి లేకుండా ఉంటే తీసేయండి. రెండోది చట్టం. 2001 నాటి మొక్కల రకాల, రైతుల హక్కుల పరిరక్షణ చట్టం ప్రకారం రైతు తన గింజను దాచుకోవచ్చు, మళ్లీ వేసుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. రక్షిత రకాన్ని బ్రాండు పేరుతో ప్యాకెట్ కట్టి అమ్మడమే కుదరదు. మీ రకం నిజంగా కొత్తదై నిలిచిందనుకుంటే అదే చట్టం కింద నమోదుకు ప్రయత్నించవచ్చు. అక్కడా అడిగేది ఇవే: మిగతావాటి కంటే వేరుగా ఉందా, అన్ని మొక్కలూ ఒకేలా ఉన్నాయా, తరం మారినా అలాగే ఉందా. మీ నోటుపుస్తకం పట్టుకెళ్లండి.

10. దాచడం

ఆరిన గింజను కాగితపు కవరులో వేసి, మూత బిగుతైన సీసాలో పెట్టి, అడుగున కొద్దిగా వేయించి చల్లార్చిన బియ్యం పోయండి. తేమ పీల్చుకుంటుంది. ఫ్రిజ్ కింది అరలో ఉంచండి. బయటికి తీసినప్పుడు సీసా గది వేడికి వచ్చేదాకా మూత తీయకండి, లేకపోతే గింజల మీద నీరు పడుతుంది. ఏటా గింజను ఒకే మొక్క నుంచి కాకుండా, రకానికి సరిగ్గా సరిపోయే ఆరేడు మొక్కల సంచి కాయల నుంచి తీసి కలపండి. దోస్తులకు పంచేటప్పుడు కవరు మీద రకం పేరు, తరం, గింజ తీసిన నెల రాసి ఇవ్వండి. పక్కన క్యాప్సికమ్ వేస్తారేమో కూడా అడగండి.